చీనాదేశపు జేడు పాత్రలు



మీరు చిన్న తరగతులలో నున్నపుడు అయ్యవారు పలకపై వ్రాసి యిచ్చిన అక్షరములను మరల మరల దిద్దియుందురు. దిద్దుట అనుకరణమే. దానిని తప్పని యెవ్వరు ననరు. పరీక్షయందు ప్రక్కవాని కాగితమును చూచి వ్రాయుటయు అనుకరణమే. దానిని తప్పని యెల్లవారు నందురు. ఈ రెంటికిని గల భేదమేమి?

గత సంవత్సరము చిత్రలేఖనపు తరగతిలో ఒక బాలుడు పుస్తకములోని బొమ్మపై పలుచని కాగితమును పరచి గీతలు గీసికొని, దానిని తన స్వంత చిత్రమని నాకు చూపెను. గీతలలో లోపమేమియు లేదు. "నాయనా, ఇది యెవరి బొమ్మ?" అని నే నడిగితిని. వాడు తల వంచుకొనెను. ఆ సాయంకాలము నాకు చీనాదేశపు జేడు పాత్రలు జ్ఞప్తికి వచ్చినవి. వానిలో అనేకము అంతకు రెండు మూడువేల యేండ్లకు పూర్వము కంచుతో పోతపోసిన పాత్రల రూపమును చూచి చేసినవి. అయినను వానిని చేసినవారు తల వంచుకొనవలసిన పనిలేదు. ఏల లేదో ఈ పాఠమున విచారింతము.

కంచు పాత్రలు

చీనాదేశమున షాంగ్ వంశపు రాజులు సుమారు క్రీ. పూ. 1600 మొదలు 1046 వరకును, వారి పిదప చౌ వంశపు రాజులు క్రీ. పూ. 256 వరకును రాజ్యము చేసిరి. ఆ కాలమున రాజులును ప్రభువులును తమ పితరులకు ఆహారమును మద్యమును నివేదించుటకై కంచు పాత్రలను చేయించుచుండిరి. కంచనగా రాగియు తగరమును కలిసిన లోహము. చీనావారు తరచుగా సీసమును గూడ కలిపిరి. పాత్ర యొక్క రూపము దాని పనినిబట్టి యేర్పడెను. మాంసము వండుటకు మూడు కాళ్లును రెండు చెవులును గల 'డింగ్' అను పాత్ర యుండెను. ధాన్యపు వంటకము నుంచుటకు 'గుయి' అను గుండ్రని పాత్రయు, మద్యమునకు నడుము సన్నగిలి మూతి బాకావలె విచ్చుకొనిన 'గూ' అను పొడవైన పాత్రయు నుండెను. ఈ పాత్రల మేనిపై రెండు పెద్ద కన్నులును కొమ్ములును కలిగి, తరచుగా క్రింది దవడ లేకుండ నుండు నొక మృగముఖము కనబడును. దానికి తరువాతి వారు 'తావ్‌తియె' అని పేరిడిరి.

ఈ పాత్రలను పోసిన విధమును శ్రద్ధగా గ్రహింపుడు. మన దక్షిణదేశపు శిల్పులు విగ్రహమును పోయుటకు మైనముతో బొమ్మ చేసి, దానిపై మట్టి మెత్తి, మైనమును కరగించి తీసివేసి, ఆ ఖాళీలో లోహమును పోయుదురు. షాంగ్ కాలపు చీనావారి పద్ధతి వేరు. వారు మట్టితో పాత్ర నమూనాను చేసి, దానిపై మరియొక మట్టిపొరను గట్టిగా నొక్కి, ఆ పొరను ముక్కలుగా కోసి తీసి కాల్చుచుండిరి. ఆ ముక్కలే అచ్చులు. వానిని లోపలి దిమ్మచుట్టును మరల కూర్చి, నడుమ నున్న సందులో కరగిన కంచును పోయుచుండిరి. ముక్కయు ముక్కయు కలిసిన చోట అతుకు గీత యేర్పడక మానదు. చాల పాత్రలలో వారు ఆ గీత యున్న చోటనే నిలువు పట్టెలను అలంకారముగా నిలిపిరి. అతుకు అందమయ్యెను. ఈ నిలువు పట్టెలను జ్ఞాపకముంచుకొనుడు. వానితో మనకు మరల పని కలదు.

జేడు అను రాయి

జేడు అను పేరు రెండు వేరువేరు రాళ్లకు చెల్లుచున్నది. ఒకటి నెఫ్రైటు, రెండవది జేడైటు. ఈ రెండును వేరని 1863వ సంవత్సరమున దమూర్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించెను. మొదటిదానియందు కాల్షియము, మెగ్నీషియము సిలికాతో కూడియుండును. రెండవదానియందు సోడియము, అల్యూమినియము సిలికాతో కూడియుండును. బర్మాదేశపు జేడైటు చీనాకు విరివిగా వచ్చుట పదునెనిమిదవ శతాబ్దమునుండియే. అంతకు పూర్వము వేలకొలది సంవత్సరములు చీనావారు 'యూ' అని గౌరవించినది నెఫ్రైటునే.

పేరు వినగానే పచ్చని రంగే తోచును గాని, నెఫ్రైటు తెలుపు, బూడిదవన్నె, పసుపు, నలుపు రంగులలో గూడ దొరకును. గొఱ్ఱెకొవ్వువలె మెత్తని కాంతిగల తెలుపును చీనావారు మిక్కిలి మెచ్చుకొందురు. చీనాదేశపు పడమటి భాగమున నున్న ఖోటాను పట్టణము ఈ రాతికి ప్రసిద్ధి. కున్‌లున్ పర్వతములనుండి దిగివచ్చు రెండు నదులు అచ్చటికి రాళ్లను దొర్లించి తెచ్చును. ఆ నదులలో నొకటి తెల్లజేడు నది యనియు, రెండవది నల్లజేడు నది యనియు అర్థమిచ్చు పేర్లు కలిగియున్నవి.

రాళ్ల కాఠిన్యమును కొలుచు మోహ్స్ కొలతలో వజ్రమునకు 10, సాధారణపు ఉక్కు కత్తికి సుమారు 5.5, నెఫ్రైటునకు 6 మొదలు 6.5. కాబట్టి కత్తితో దీనిపై గీత పడదు. కాని దీని విశేషము కాఠిన్యముకంటె పగులకుండు గుణమునందు కలదు. వజ్రము సుత్తిదెబ్బకు చీలవచ్చును. నెఫ్రైటు అంత సులభముగా చీలదు. ఏలయన, కంబళిలో ఉన్నిపోగులు పెనవేసికొనియున్నట్లు దీనిలో సన్నని స్ఫటికపు పోగులు ఒకదానితో నొకటి పెనవేసికొనియుండును. అందుచేతనే దీనిని కాగితమంత పలుచగా తీర్చినను నిలుచును.

రాతిని పాత్రగా చేయు విధము

జేడును చెక్కుదురని వాడుకగా చెప్పుదుము. నిజమునకు దీనిని ఉలితో చెక్కుట సాధ్యముగాదు. అరగదీయవలెను. జేడుకంటె గట్టియైన కురువిందము మొదలగు రాళ్లను పొడిచేసి, నీటితో కలిపి, ఆ ఇసుకతో రాతిని అరగదీయుదురు. 1637వ సంవత్సరమున సుంగ్ యింగ్‌సింగ్ అను చీనా పండితుడు చేతిపనులను గూర్చి ప్రకటించిన గ్రంథమందు ఈ పని వర్ణింపబడినది. పనివాడు కాళ్లతో తొక్కుచుండగా ఇనుప బిళ్ల తిరుగును. తడి ఇసుకను దానిపై పోయుచు, రాతిని దాని అంచునకు చేర్చి పట్టుకొనును. కోయునది ఇనుము గాదు, ఇసుక. ఇనుము ఇసుకను నడిపించును.

కడవవంటి పాత్ర లోపలి భాగమును తీయుట మరింత కష్టము. గొట్టమువంటి సాధనమును ఇసుకతో త్రిప్పి రాతిని నిలువుగా తొలిచి, నడుమ మిగిలిన కడ్డీని విరిచి తీయుదురు. పిమ్మట వంపు సాధనములను ఇరుకైన మూతిద్వారా లోనికి చొప్పించి, కంటికి కనబడని గోడలను అరగదీయుదురు. ఇట్లు నెలలు గడచును. పెద్ద పాత్రలకు సంవత్సరములే పట్టును.

కంచు పనివానికిని జేడు పనివానికిని గల భేదము నిచ్చట గుర్తింపుడు. కంచుపోత చెడినయెడల పనివాడు దానిని కరగించి మరల పోయవచ్చును. అతడు మట్టిని కలుపును, లోహమును నింపును. జేడు పనివాడు తీసివేయుటయే గాని కలుపుట యెరుగడు. ఒక్కచోట ఎక్కువ అరిగెనా, ఆ తప్పు శాశ్వతము. కొన్నిచోట్ల రాతిలోపల నున్న మచ్చయో పగులో పని సగమైన పిదప బయలుపడును. అప్పుడు పనివాడు తన యుద్దేశమును మార్చుకొనవలసినదే.

ఇప్పుడు నిలువు పట్టెల సంగతికి వత్తము. కంచు పాత్రలో ఆ పట్టె అతుకునుబట్టి పుట్టినది. జేడు పాత్రలో అతుకు లేదు. అయినను కంచును అనుకరించిన జేడు పాత్రలపై ఆ పట్టెలు కనబడును. కంచులో పట్టె నిలుపుటకు అచ్చులో గాడి చేసిన చాలును, లోహము తనంతట వచ్చి దానిలో నిండును. జేడులో ఒక సన్నని పట్టె నిలువవలెనన్న, దాని చుట్టునున్న మేనినంతయు ఆ పట్టె యెత్తువరకు అరగదీయవలెను. కంచులో సులభమైనది రాతిలో అన్నిటికంటె కష్టమైనదయ్యెను. రూపమొక్కటే, శ్రమ వేరు. కాబట్టి కంచును చూచి జేడు పాత్ర చేసినవాడు పలుచని కాగితము పరచి గీసినవానివంటివాడు గాడు. ప్రతి రేఖను తన రాతిలో తానే మరల కనుగొనవలసి వచ్చెను.

అనుకరణము ఆరంభమైన తెరగు

ఈ యాచారము మిక్కిలి ప్రాచీనము. 1976వ సంవత్సరమున చీనాలోని ఆన్‌యాంగ్ పట్టణమువద్ద ఫూ హావ్ అను షాంగ్ రాణి సమాధిని త్రవ్విరి. అది సుమారు క్రీ. పూ. 1200 నాటిది. అందు 755 జేడు వస్తువులు దొరికినవి. వానిలో 'గుయి' రూపముగల జేడు పాత్రలు రెండు కలవు. అనగా కంచు పాత్రలు వాడుకలో నున్న దినములలోనే వాని రూపమును రాతిలోనికి తెచ్చియుండిరి.

అయితే పూర్వులయెడల ప్రేమతో, తెలిసి, విచారించి చేసిన అనుకరణము సోంగ్ వంశపు కాలమున బలపడెను. అప్పటికి షాంగ్ వంశము గతించి రెండువేల యేండ్లు దాటినది. పొలములలోను పాడుపడిన సమాధులలోను దొరికిన కంచు పాత్రలను పండితులు సేకరించి, వానిపై నున్న పాతలిపిని చదువసాగిరి. 1092వ సంవత్సరమున లూ దాలిన్ అను పండితుడు అట్టి పాత్రలను బొమ్మలతో వర్ణించు గ్రంథమును రచించెను. 1100 మొదలు 1126 వరకు ఏలిన హుయిజొంగ్ చక్రవర్తి గొప్ప సేకరణకర్త. ఆయన భాండాగారమందలి ఎనిమిదివందలకు పైబడిన పాత్రల చిత్రములతో ముప్పది భాగముల గ్రంథమొకటి సిద్ధమయ్యెను. 1127లో శత్రువులు రాజధానియైన కైఫెంగును పట్టుకొనిరి. భాండాగారము చెదరిపోయెను. గ్రంథము నిలిచెను. మింగ్ వంశపు కాలమున, అనగా 1368కిని 1644కిని నడుమ, దానిని మరల మరల అచ్చువేసిరి.

దీనివలన నొక విచిత్రము జరిగెను. తరువాతి పనివారిలో అనేకులు అసలైన కంచు పాత్రను కన్నులార చూడలేదు. వారు చూచినది కొయ్యదిమ్మతో అచ్చువేసిన బొమ్మను మాత్రమే. బొమ్మలో పాత్ర వెనుకవైపు కనబడదు, గోడ మందము తెలియదు, బరువు తెలియదు. తెలియని భాగమును వారు తమ యూహతో పూరించిరి. అందుచే వారి పాత్రలలో పాతదానితోపాటు వారి కాలపు అభిరుచియు ప్రవేశించెను. ఉపయోగమును మారెను. మాంసము వండిన 'డింగ్' రూపము జేడులో ధూపపాత్ర యయ్యెను. మద్యపు పాత్రయైన 'గూ' పువ్వులుంచు పాత్ర యయ్యెను. పితరుల బల్లను విడిచి పండితుని బల్లపైకి వచ్చెను.

చియెన్ లుంగ్ చక్రవర్తి

ఈ కళకు మిక్కిలి దోహదము చేసినవాడు చింగ్ వంశజుడైన చియెన్ లుంగ్ చక్రవర్తి. ఆయన 1736 మొదలు 1795 వరకు ఏలెను. 1759లో ఆయన సేనలు ఖోటాను ప్రాంతమును జయించుటతో నదులలోని జేడు కప్పముగా బీజింగు రాజధానికి రాసాగెను. అంతకు పూర్వము దుర్లభముగా నున్న పెద్ద రాళ్లు అప్పుడు పనివారి చేతికి దొరికినవి. బీజింగు అంతఃపురపు కర్మశాలలలోను, సూచౌ, యాంగ్‌చౌ పట్టణములలోను పని సాగెను. కళ వర్ధిల్లినదే గాని, ఆ రాయి యుద్ధపు దారిని వచ్చినదని మరువరాదు.

1749లో చక్రవర్తి తన కొలువునందలి కంచు పాత్రలకు చిత్రములతో పట్టిక వ్రాయుడని ఆజ్ఞాపించెను. అట్లు నలువది భాగముల గ్రంథము తయారయ్యెను. అందు పదునైదువందలకు పైగా వస్తువులు కలవు. అట్టి గ్రంథములలోని బొమ్మలు జేడు పనివారికి నమూనాలయ్యెను. ఆ దినములలో సూచౌ పనివారు కొందరు కొనువారిని మురిపించుటకై చిల్లులును తీగలును పూవులును క్రిక్కిరిసిన పాత్రలను చేయుచుండిరి. అది మంచి రాతికి పట్టిన కీడని చక్రవర్తి నిందించి, ప్రాచీనుల నిరాడంబరమైన రూపములను చూడుడని వారిని హెచ్చరించెను.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఆయన చేయించిన ఇట్టి పాత్రలలో అనేకమునకు అడుగున ఆరు చీనా అక్షరములు చెక్కబడియున్నవి. వాని భావమిది: మహా చింగ్ వంశపు చియెన్ లుంగ్ కాలమున ప్రాచీనమును అనుకరించి చేసినది. చూచితిరా! చేయించినవాడు భూమండలమునందలి గొప్ప చక్రవర్తులలో నొకడు. ఇది షాంగ్ నాటి పాత్ర యని చెప్పినను కాదనుటకు ఆస్థానమున నెవరికి ధైర్యముండును? అయినను ఆయన అనుకరణమును అనుకరణమనియే వ్రాయించెను.

ఆయన తప్పులు చేయలేదని చెప్పజాలము. పాత జేడు వస్తువులపై తన పద్యములను చెక్కించుట ఆయనకు వాడుక. మూడువేల యేండ్ల నాటి గుండ్రని జేడు బిళ్ల యొకటి ఆయనకు లభించెను. దాని నడుమ రంధ్రము కలదు. ఆయన దానిని గిన్నె నుంచెడి పీఠమని భావించి, దానికి తగిన పింగాణి గిన్నెను వెదకించి, ఆ సంగతిని పద్యముగా 1790లో దానిపై చెక్కించెను. నిజమునకు అది గిన్నెపీఠము గాదు. ఆ బిళ్ల ఇప్పుడు లండనునందలి బ్రిటిషు మ్యూజియములో నున్నది. రాతిపై చెక్కిన తప్పును తుడిచివేయలేము. అయినను ఆయన తన యభిప్రాయమును తన పేరుతోనే వ్రాసెను గనుక, తరువాతి వారు దానిని పరీక్షించి సవరింప గలిగిరి.

అనుకరణమును మోసమును

ఇదే కాలమందును, దీనికి పూర్వమును, మరియొక తెగవారు గూడ పాత రూపములను అనుకరించిరి. వారు క్రొత్త జేడును నిప్పులో కాల్చి తెల్లబరచిరి, రంగులలో నానబెట్టిరి, అనేక శతాబ్దములు భూమిలో నుండినట్లు మరకలు పుట్టించిరి. పదునారవ శతాబ్దమున సూచౌనందు లూ జ్‌గాంగ్ అను ప్రసిద్ధుడైన జేడు పనివాడుండెను. తన పనులపై అతడు తన పేరు చెక్కుట వాడుక. ఆయన కీర్తి వ్యాపించినకొలది, ఆయన చేయని వస్తువులపైని గూడ ఆ పేరు చెక్కుట మొదలయ్యెను. నేడు ఆ పేరుగల వస్తువులలో అధికభాగము ఇతరులు చేసినవే.

ఈ దొంగ వస్తువులలో కొన్ని పనితనమున తక్కువవి గావు. చేయి నేర్పుగలదే, కన్ను చురుకైనదే. కాని వాని వలన విద్యకు కలిగిన నష్టము చూడుడు. ఒక దొంగపాత్రను నిజమని నమ్మినయెడల, దానినిబట్టి ప్రాచీనులను గూర్చి మనము వ్రాసినదంతయు తప్పగును. మోసగాడు కొన్నవాని ధనమును మాత్రమే దొంగిలింపడు, చనిపోయినవారి చరిత్రను గూడ చెరచును. చియెన్ లుంగ్ పాత్ర అట్లు చేయదు. దానిని చూచినవాడు రెండు కాలములను గూర్చి నేర్చుకొనును.

ఇట్టి చీనా పాత్రలు నేడు బీజింగునందలి రాజభవనపు మ్యూజియములోను, తైపేనందలి రాజభవనపు మ్యూజియములోను విశేషముగా కలవు. జేడు అను రాతిని చూడగోరువారు అంతదూరము పోనక్కరలేదు. మన హైదరాబాదు సాలార్జంగు మ్యూజియములో జేడు వస్తువులకు ప్రత్యేకమైన గది కలదు. అచ్చట మొగలాయి కాలపు జేడు పిడుల బాకులను, పాత్రలను చూడవచ్చును. జేడుపని మొగలు చక్రవర్తుల కొలువులోను వర్ధిల్లినది. హిందూస్థానపు జేడు పాత్రలను చియెన్ లుంగ్ చక్రవర్తి గూడ మిక్కిలి మెచ్చుకొని సేకరించెను. తలిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని యొకమారు ఆ గదిని చూపించిన మేలు. అద్దమునకు చేరువగా నిలిచి, కాంతి ఆ రాతిలోనికి కొంతదూరము పోయి ఆగుటను గమనింపుడు.

ఇక ఆ చిత్రలేఖనపు బాలుని సంగతి. నేను వానిని దండింపలేదు. పలుచని కాగితమును తీసివేసి, ఆ బొమ్మనే ఎదుట నుంచుకొని, కంటితో చూచి, చేతితో మరల వ్రాయుమంటిని. నాలుగు దినములు పట్టెను. ఆ పక్షి మెడ పుస్తకములో నున్నంత చక్కగా రాలేదు. రెక్కమాత్రము వాడు మాయింటి ముందరి చెట్టుపై చూచిన పక్షి రెక్కవలె నుండెను. కాగితపు అడుగున, నేను చెప్పకయే, చిన్న అక్షరములతో ఇట్లు వ్రాసెను: "పుస్తకములోని బొమ్మను చూచి వ్రాసినది." ఈమారు "ఇది యెవరి బొమ్మ?" అని నేనడుగలేదు.

అభ్యాసము

1. కంచు పాత్రలపై నిలువు పట్టె లేల యేర్పడెను? జేడు పాత్రపై వానిని నిలుపుట యేల కష్టము?
2. కాఠిన్యమునకును పగులకుండు గుణమునకును గల భేదమును మీ యింటనున్న రెండు వస్తువుల యుదాహరణముతో వివరింపుడు.
3. బొమ్మను మాత్రమే చూచి పాత్రను చేయువానికి తెలియని సంగతులేవి?
4. మీరు ఇతరులను చూచి నేర్చుకొనిన పని యొకదానిని వర్ణించి, అందు మీరు మార్చినదేదియో, మార్పు ఏల కలిగెనో వ్రాయుడు.